పులియని అప్పం

మిల్డూరా,
మార్చి 20, గురువారం

ప్రియమైన శ్యామక్కకు,

నువ్వు హియరింగ్ ఎయిడ్ పెట్టుకోనంత కాలం నీకు నా ఉత్తరాలు తప్పవు. మొన్న ఫోన్లో పావుగంట నా గోడంతా చెప్పుకున్నాక నువ్వు "సరేనే, ఉంటా మరి" అని పెట్టేశావు. పక్కనే ఉన్న మీ మరిది పడీ పడీ నవ్వాడు. "మీ అక్కకి వినపడలేదు, నీకు అర్థం కాలేదు, ఫోను కంపెనీవాడే బాగుపడ్డాడు" అన్నాడు. అందుకే కాగితం తీసుకున్నాను.

ఇక్కడ ద్రాక్ష కోతలు అయిపోయాయి. ఎండిన పళ్ళు షెడ్డుకు వస్తున్నాయి. పొద్దున ఆరింటి నుంచి రెండింటి దాకా బెల్టు ముందు నిలబడి కిస్మిస్‌లో పుల్లలు, రాళ్ళు ఏరుతున్నాను. కళ్ళు మూసుకున్నా కిస్మిస్ కదులుతూనే ఉంటుంది. ఆయన ఆ పెట్టెల్ని లారీలో మెల్‌బోర్న్ పోర్టుకు చేరుస్తున్నాడు. ఇద్దరం బాగానే ఉన్నాం.

సంగతి మా తేజస్విని పెళ్ళి గురించి. అబ్బాయి పేరు జోబిన్. ఎలక్ట్రీషియన్. మలయాళీలు, మనలాగే క్రైస్తవులు. పిల్లవాడిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మన ఇంటికి వచ్చినప్పుడల్లా ఏదో ఒక స్విచ్చి బాగుచేసి పోతాడు. ఇప్పుడు బాగుచెయ్యడానికి స్విచ్చులు కూడా మిగల్లేదు. వాళ్ళమ్మ ఆన్సి ఇక్కడి ఆస్పత్రిలో నర్సు. పెళ్ళయిన కొత్తలో పదేళ్ళు గుంటూరులో పనిచేసింది. తెలుగు వచ్చు, కానీ అంతా ఆస్పత్రి తెలుగు. నానమ్మ ఏలియమ్మ గారు కూడా అప్పట్లో గుంటూరులోనే ఉండి మనవణ్ణి పెంచింది. ఆమెకు వచ్చింది బజారు తెలుగు. సరుకుల పేర్లు, ఎంత, తగ్గించు, వద్దు, రేపు రా. అంతకు మించి రాదు. తాతగారు పోయిన నవంబరులో పోయాడు.

ఫిబ్రవరిలో వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. చేపల కూర బాగుంది. తిన్నాక ఆన్సి తీరిగ్గా కూర్చొని మొదలుపెట్టింది.

"మాది సెయింట్ తామస్ టైం ఫ్యామిలీ అండి. ఫస్ట్ సెంచురీ. తోమా వచ్చి ముందు బాప్టిజం ఇచ్చిన ఇళ్ళలో మాది ఒకటి అంటారు. మీకు ఎప్పట్నుంచండి?"

జ్వరం ఎప్పట్నుంచి అని అడిగినట్టు అడిగింది, అక్కా.

"మా ముత్తాత కాలం నుంచి" అన్నాను.

"అంటే హండ్రెడ్ ఇయర్సా?"

"నూట ముప్పై ఉంటాయేమో."

"ఓ, న్యూ క్రిస్టియన్స్!" అని నవ్వింది. "ఏం చేసేవారండి మీ ముత్తాత?"

నేను "వ్యవసాయం" అన్నాను.

తేజస్విని నా వైపు చూసింది. దానికి నిజం తెలుసు, నువ్వే చిన్నప్పుడు చెప్పావు. మీ మరిది మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఏలియమ్మ గారు మాత్రం నన్నే చూస్తూ ఉంది. నాకు ఆ నిమిషంలో మన ఎలిమెంటరీ స్కూలు గుర్తొచ్చింది. మధ్యాహ్నం పాలపిండి కలిపి పోసేటప్పుడు ఆ పంతులు మన వరసను చూసి "రండి, పాలపిండి కిరస్తానీలూ" అనేవాడు చూడు, ఆ గొంతు. నలభై ఏళ్ళయింది. సముద్రం దాటి వచ్చాను. ఇంకా చెవిలోనే ఉంది. వాళ్ళకి తోమా వచ్చాడు, మనకి పాలపిండి వచ్చింది అనుకుంటారని భయపడి ముత్తాతకు లేని పొలం రాసిచ్చాను.

ఇది ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్తున్నాను.

ఇంటికి వచ్చాక తేజస్విని నన్ను తిట్టలేదు, అదే కష్టంగా ఉంది. రెండు రోజుల తర్వాత తనే వాళ్ళ ఆచారం ఒకటి చెప్పింది. ఈస్టర్ ముందు గురువారం సాయంత్రం వాళ్ళ ఇళ్ళలో పులియని అప్పం చేస్తారట. ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టలాదివారం గుడిలో ఇచ్చిన ఆకును సిలువలా దాని మీద పెడతారట. ఇంటి పెద్ద కోసి అందరికీ పెడతాడు, రెండు చేతులూ చాచి తీసుకోవాలి. దాన్ని పెసహా అప్పం అంటారట. బయటివాళ్ళకు పెట్టరట.

"Mum, it's basically Passover," అంది తేజస్విని. "మనం బైబిల్లో పస్కా అంటాం కదా, అదే. పెప్పర్ కోసం షిప్స్ వచ్చేవి, వాటిలో జ్యూయిష్ ట్రేడర్స్ వచ్చి అక్కడే settle అయ్యారు. After that, క్రిస్టియన్స్ came the same way. గాలి ఒకవైపు వీచినప్పుడు రావడం, తిరిగినప్పుడు వెళ్ళడం. గాలి తిరిగేదాకా అక్కడే ఉండాలి కదా, సో they talked."

"అయితే అప్పట్లోనూ దేవుణ్ణి తెచ్చింది లారీవాళ్ళేనన్నమాట" అన్నాడు మీ మరిది. ఆ రోజంతా ఆ మాట ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు.

నేను మనసులో ఒకటి అనుకున్నాను. ఆ గురువారం మనల్ని పిలిచి, ఆ అప్పం ముక్క నా చేతిలో పెడితే పెళ్ళికి సరే అంటాను. పెట్టకపోతే వద్దంటాను. పిల్లను బయటిదానిలా చూసే ఇంటికి పంపను. ఇది వాళ్ళెవరికీ తెలియదు. మీ మరిదికి కూడా చెప్పలేదు.

నువ్వేమంటావో రాయి. 

నీ చెల్లెలు,
సుగుణ

*

పెండిల్ హిల్,
మార్చి 28

సుగుణా,

నీ ఉత్తరం అందింది. హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటే అది చెవిలో ఈల వేస్తుంది. ఈ వయసులో నాకు ఈలలెందుకు. ఉత్తరాలే బాగున్నాయి.

మొదటి మాట. పరీక్ష పెట్టావు సరే. పరీక్ష ఉందని పిల్లలకు చెప్పని పంతులు ఎలాంటి పంతులే? వాళ్ళకు తెలియకుండా వాళ్ళను ఫెయిల్ చేద్దామని కూర్చున్నావు. నీకు చిన్నప్పటి నుంచీ ఇదే బుద్ధి. నీ జడ కుచ్చులు నేను తీశానని నెల రోజులు మాట్లాడలేదు, అవి నీ పెట్టెలోనే దొరికాయి.

రెండో మాట. మన ముత్తాత వ్యవసాయం ఎప్పుడు చేశాడే? ఆయనకు సెంటు భూమి లేదు. ఆయన తోళ్ళ బేరం చేశాడు. నీకు పూర్తిగా గుర్తుందో లేదో, నేను మళ్ళీ రాస్తాను. ఊరూరా తోళ్ళు కొని, ఉప్పు పెట్టి ఎండబెట్టి, కావడి మీద వినుకొండ సంతకు మోసుకెళ్ళేవాడు. పదహారు మైళ్ళు. తోళ్ళ వాసనకు ఎవరూ సత్రంలో పండుకోనిచ్చేవాళ్ళు కాదు. సంత బయట చింతచెట్ల కింద పడుకునేవాడు. ఒకసారి అక్కడే ఇంకో ఊరి తోళ్ళ వ్యాపారి పొయ్యి దగ్గర కూర్చొని ఒక చిన్న పుస్తకం చదివి వినిపించాడట. మన ముత్తాతకు అక్షరం రాదు. అయినా మంచి తోలు ఒకటి ఇచ్చి ఆ పుస్తకం కొనుక్కున్నాడు. ఇంటికొచ్చాక చదివేవాడి కోసం ఏడాది ఎదురుచూశాడు. ఆ ఏడాదంతా పుస్తకం బియ్యం కుండలో ఉందని నాయనమ్మ చెప్పేది. పాలపిండి వచ్చింది ఎప్పుడు? మన కాలంలో. అప్పటికే మన గుడికి మూడుసార్లు కప్పు మార్చారు.

ఆ పంతులు అన్నాడని నువ్వు కూడా ముత్తాతను దాచిపెడితే, ఆ పంతులికి నీకు తేడా ఏముంది?

కోపంతో రాయడం లేదు. మోకాళ్ళ నొప్పితో రాస్తున్నాను. పిల్లకు నా ముద్దులు.

మీ అక్క,
శ్యామసుందరి

*

మిల్డూరా,
ఏప్రిల్ 14, సోమవారం

శ్యామక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. జడ కుచ్చుల సంగతి రాయకుండా ఉండాల్సింది.

నువ్వు చెప్పింది నిజమే. పరీక్ష ఉందని వాళ్ళకు తెలియాలి కదా అనుకొని కొంచెం తెలిసేలా చేద్దామనుకున్నాను. నిన్న మట్టలాదివారం. గుడి అయ్యాక సూపర్ మార్కెట్‌కు వెళ్ళాను. కొబ్బరిపాల డబ్బాల దగ్గర ఆన్సి కనిపించింది. నేనే పలకరించాను. "గురువారం మీ ఇంట్లో అప్పం చేస్తారట కదా, తేజస్విని చెప్పింది" అన్నాను. ఇంతకంటే విప్పి ఎవరు అడుగుతారు?

ఆమె మొహం మారిపోయింది. "ఈ ఇయర్ మా ఇంట్లో లేదండి" అంది. అంతే. ట్రాలీ తిప్పుకొని గబగబా వెళ్ళిపోయింది. ఆ అప్పానికి కావాల్సిన కొబ్బరిపాల డబ్బా ఆమె ట్రాలీలో ఉంది, అక్కా. నేను చూశాను.

రెండు వేల ఏళ్ళుగా ఆగని అప్పం ఈ ఒక్క ఏడు ఎందుకు ఆగుతుంది? మనం పిలవమన్నట్టు అడిగాం కాబట్టి ఆగింది. మనకు పెట్టడం ఇష్టం లేక లేదని చెప్పింది. నేను అక్కడే బెండకాయల ముందు చాలాసేపు నిలబడ్డాను. ఒక్కటి కూడా కొనలేదు.

ఇంటికొచ్చి మీ మరిదికి అంతా చెప్పాను, ముత్తాత పొలం సంగతితో సహా. ఆయన చెప్పులు తుడుచుకుంటూ విని "అప్పం ముక్క కోసం పెళ్ళి ఆపుతావా?" అన్నాడు. ముక్క కోసం కాదని చెప్పాను. "మరి దేనికి?" అన్నాడు.  

మా పక్క బ్లాకు ఐజాక్ అంకుల్ నీకు గుర్తున్నాడా? నువ్వు వచ్చినప్పుడు కంచె మీదుగా నిమ్మకాయలు ఇచ్చాడు. ఎనభై మూడేళ్ళు. యూదుడు, ఎర్నాకుళంలో పుట్టి కుర్రతనంలో ఇక్కడికి వచ్చి ద్రాక్ష వేశాడు. ప్రతి ఏడూ పస్కా ముందు ఇంట్లో ఉన్న బ్రెడ్డు, బిస్కెట్లు, గోధుమపిండి అంతా మాకు ఇచ్చేస్తాడు. ఆ వారం పులిసింది ఏదీ ఆయన ఇంట్లో ఉండకూడదు. ఈసారి కూడా శుక్రవారం పెట్టె నిండా తెచ్చాడు. "సుగుణా, నా ఇల్లు ఖాళీ, నీ ఇల్లు ఫుల్. నేను పవిత్రుణ్ణి, నువ్వు లావవుతావు" అన్నాడు. ఆయనకు మతం వేరు, మనకు వేరు. ఆయన పెట్టె ఇవ్వడానికి ఎన్నడూ ఎప్పట్నుంచని అడగలేదు.

నా నిర్ణయం ఇదే. శనివారం తేజస్వినిని కూర్చోబెట్టి ఈ పెళ్ళి నాకు ఇష్టం లేదని చెప్తాను. అది ఏడుస్తుంది. నేనూ ఏడుస్తాను. నువ్వు పెండిల్ హిల్‌లో మన సంఘంలో ఎవరైనా మంచి కుర్రవాడు ఉంటే చూసి పెట్టు. కోటేశ్వరరావు గారి అబ్బాయి సంజయ్‌కి పెళ్ళయిందా?

నీ చెల్లెలు,
సుగుణ

*

మిల్డూరా,
ఏప్రిల్ 20, ఈస్టర్ ఆదివారం

మా శ్యామక్కకు,

సోమవారం రాసిన ఉత్తరం అందితే చింపెయ్యి. అందకపోతే అందినప్పుడు చింపెయ్యి. సంజయ్ వాళ్ళను అడిగి ఉంటే, ఏదో ఒకటి చెప్పి సర్దెయ్యి. నీ మీద నాకు నమ్మకం ఉంది.

బుధవారం నుంచి చెప్తాను. నేను షెడ్డు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను. కారు ఆగింది. జోబిన్ దిగి వెనక తలుపు తీశాడు. ఏలియమ్మ గారు! చట్టా ముండు, అదే వాళ్ళ పాతకాలపు చొక్కా, పంచె, కట్టుకొని, నాలుగు కాళ్ళ కర్ర పట్టుకొని దిగింది. తెల్లటి బట్టలు. ఆమె మా ఇంటికి రావడం ఇదే మొదలు. కూర్చోమంటే కూర్చోలేదు. నేరుగా వంటింట్లోకి పోయి డబ్బాల మూతలు తీసి చూడటం మొదలుపెట్టింది.

"మినప్పప్పు?" అంది.

"ఉందమ్మా."

"బియ్యప్పిండి?"

"ఉంది."

"కొబ్బరి?"

"ఫ్రిజ్‌లో ఉంది."

"మంచిది. రేపు నువ్వు చెయ్యి. నువ్వు తే. ఆరు గంట."

నాకు ఏమీ అర్థం కాలేదు. జోబిన్ తల గోక్కుంటూ చెప్పాడు. "ఆంటీ, మా ఇంట్లో ఎవరైనా పోతే, ఆ ఇయర్ we can't make the appam. అప్పచ్చన్ నవంబర్‌లో పోయారు కదా. చావు జరిగిన ఇంటికి relatives చేసి తేవాలి. ఇక్కడ మాకు relatives లేరు. బెట్టి ఆంటీ వాళ్ళు చేసి తెస్తామన్నారు. They're Malayalis, from our church. Ammachi said no."

ఏలియమ్మ గారు మధ్యలో అందుకుంది. "బెట్టి బజారు" అని చెయ్యి బయటికి చూపించింది. తర్వాత కర్ర ఎత్తి నా వైపు చూపించింది. "నువ్వు ఇల్లు."

"మమ్మీ మిమ్మల్ని అడగడానికి shy అయింది ఆంటీ" అన్నాడు జోబిన్. "మీవాళ్ళలో ఇది లేదు కదా, ఏమనుకుంటారో అని. సండే షాప్‌లో మీరు అప్పం గురించి అడగ్గానే ఆమెకు అప్పచ్చన్ గుర్తొచ్చారట. ప్రతి ఇయర్ ఆయనే కోసేవారు. ఏడుపొచ్చి వెళ్ళిపోయింది. కార్‌లో హాఫ్ ఎన్ అవర్ ఏడ్చిందట."

అక్కా, నేను బెండకాయల ముందు నిలబడి ఉన్నప్పుడు ఆమె పార్కింగ్‌లో కూర్చొని ఏడుస్తోంది. ఇద్దరి మధ్యా ఒక గోడే అడ్డం.

సరే అనడానికి నోరు తెరిచాను. ముత్తాత అడ్డం వచ్చాడు. ఈమె నన్ను ఇల్లు అంటోంది, నేను ఈమె ఇంట్లో కూర్చొని అబద్ధం చెప్పాను. ఇప్పుడు చెప్పకపోతే ఇంక ఎప్పుడూ చెప్పలేను అనిపించింది. చేతులు తుడుచుకొని ఆమె ముందు నిలబడ్డాను.

"అమ్మా, ఫిబ్రవరిలో నేను అబద్ధం చెప్పాను. మా ముత్తాతకు పొలం లేదు. ఆయన తోళ్ళ బేరం చేసేవాడు. చచ్చిన గొడ్ల తోళ్ళు. మోసుకెళ్ళి సంతలో అమ్మేవాడు. అది తెలిసినా అప్పం నా చేత్తో చెయ్యమంటే చేస్తాను."

జోబిన్ మలయాళంలో చెప్పబోయాడు. ఆమె చేత్తో ఆపింది. తోలు, బేరం, సంత, అన్నీ ఆమెకు తెలిసిన తెలుగే. ఒక్కటే అడిగింది.

"లాభమా?"

నాకు నవ్వాగలేదు. ఏడుపూ ఆగలేదు. "లాభమేనమ్మా" అన్నాను. "ఒక తోలు ఇచ్చి దేవుడి పుస్తకం తెచ్చుకున్నాడు."

ఈ మాట జోబిన్ చెప్పాల్సి వచ్చింది. నువ్వు రాసిందంతా చెప్పాను, చింతచెట్ల కింద పొయ్యి, బియ్యం కుండలో పుస్తకం, చదివేవాడి కోసం ఏడాది కాపు. ఆమె నోరు తెరుచుకొని వింది. చివరికి బల్ల మీద గట్టిగా చరిచింది.

"ఒక తోలు! మంచి బేరం!"

తర్వాత మలయాళంలో చాలా చెప్పింది. జోబిన్ నవ్వుతూ అందులో సగమే చెప్పాడు. ఏలియమ్మ గారి తాత కొండ మిరియాలు కొని అమ్మేవాడట, ఆన్సి గొప్పలన్నీ ఆమె పుట్టింటి గొప్పలట, తోమా నిజంగా ఎవరింటికి వచ్చాడో తోమాకే తెలియాలట.

వాళ్ళు వెళ్ళాక సంతోషంలో పని మొదలుపెట్టాను. ఇక్కడే తప్పు జరిగింది. జోబిన్ కొలతలు రాసిచ్చాడు. మినప్పప్పు నానబెట్టి రుబ్బి, వేయించిన బియ్యప్పిండి, కొబ్బరి, జీలకర్ర, వెల్లుల్లి కలపాలి. నేను సాయంత్రమే రుబ్బి, ఉప్పేసి, చేత్తో బాగా కలిపి, చలికి పొంగదేమోనని గిన్నెకు తువ్వాలు చుట్టి వేడినీళ్ళ ట్యాంకు పక్కన పెట్టి పడుకున్నాను. ఆలోచించి చేశాననుకుంటున్నావా? చేతులే చేశాయి. ముప్పై ఏళ్ళుగా రాత్రి రుబ్బితే పొద్దున పొంగాలి.

పొద్దున చూస్తే మూత లేచి పక్కకు జరిగి ఉంది. పిండి గిన్నె దాటి తువ్వాలులోకి వచ్చింది. అంత బాగా ఈ దేశంలో నాకు ఎన్నడూ పొంగలేదు.

పులియని అప్పం!

ఆ గిన్నె అలాగే పట్టుకొని కంచె దగ్గరికి పరిగెత్తాను. ఐజాక్ అంకుల్ తెల్లవారకముందే లేచి, దీపం వేసుకొని నిమ్మచెట్టుకు నీళ్ళు పెడుతున్నాడు. గిన్నెలోకి తొంగి చూసి, అద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకొని చూశాడు.

"సుగుణా, ఇది ఇడ్లీ" అన్నాడు. "మోషే దీన్ని చూసి ఉంటే మళ్ళీ ఐగుప్తుకే తిరిగి పోయేవాడు."

"అంకుల్, నవ్వకండి. సాయంత్రం ఆరింటికి తీసుకెళ్ళాలి. చావు జరిగిన ఇల్లు. ఏం చెయ్యను?"

ఆయన గొట్టం కట్టేసి కంచె మీద చేతులు పెట్టుకున్నాడు. ఆయన చెప్పింది ఇది. మా రొట్టెకి పిండిలో నీళ్ళు పడినప్పటి నుంచి కాలేదాకా పద్దెనిమిది నిమిషాలు. ఎవరైనా తలుపు కొట్టినా తియ్యం. మా లెక్కలో బియ్యం పులిసే వస్తువు కాదు, ఎర్నాకుళంలో పస్కాకి అన్నం తినేవాళ్ళం, కానీ ఆ అమ్మగారి లెక్క వేరు, ఆమె లెక్కే నువ్వు చూడాలి. పప్పు మధ్యాహ్నం నానబెట్టు. రుబ్బిన చేత్తోనే కలుపు, కలిపిన చేత్తోనే పొయ్యెక్కించు. మధ్యలో ఫోను ముట్టుకోకు.

"ఇదంతా మీ దగ్గర్నుంచే వాళ్ళకు వెళ్ళిందట కదా అంకుల్?" అన్నాను.

"మావాళ్ళు మిరియాల కోసం వచ్చారు. మా వెనకాలే తోమా వచ్చాడంటారు. వచ్చాడో లేదో నేను చూడలేదు. ఈ రొట్టె మాత్రం వచ్చింది. రెండు ఇళ్ళ మధ్య కంచె ఉంటే గిన్నెలు అటూ ఇటూ పోతాయి కదా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మీ గిన్నెలో వండింది ఈ వారం నేను తినకూడదు. అందుకే ఇంత నిజాయితీగా చెప్తున్నాను. తినేవాణ్ణయితే ఇడ్లీయే వెయ్యమనేవాణ్ణి."

షెడ్డులో సూపర్‌వైజర్‌ను అడిగి ఒంటిగంటకే వచ్చాను. తేజస్విని పని నుంచి పరిగెత్తుకొచ్చింది. అది ఫోనులో గడియారం పెట్టి "Mum, twelve minutes! Mum, nine!" అని అరుస్తూ నా చుట్టూ తిరిగింది. మీ మరిది మట్టలాదివారం తెచ్చిన ఈతాకును బైబిల్లోంచి తీసి సిలువలా కట్టి పైన పెట్టాడు. పళ్ళెం ఆవిరి మీదికి ఎక్కేసరికి ఇంకా నాలుగు నిమిషాలు మిగిలాయి. ముగ్గురం వంటింటి నేల మీద కూలబడ్డాం. కొబ్బరిపాలు, బెల్లం, శొంఠితో పానకంలాంటిది కూడా కాచాలి. అది తేజస్విని కాచింది. కొంచెం అడుగంటింది.

ఆరింటికి వెళ్ళాం. ఆన్సి తలుపు తీసింది. పళ్ళెం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "సారీ అండి, ఆ రోజు షాప్‌లో..." అంది. నేను "నేనూ సారీ అండి" అన్నాను. ఎందుకో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. అది తర్వాత ఎప్పుడైనా టీ తాగుతూ చెప్పుకుంటాం.

అందరం బల్ల చుట్టూ నిలబడ్డాం. తాతగారి కుర్చీ ఖాళీగా ఉంచారు. ఎవరు కోస్తారా అని చూస్తున్నాను. జోబిన్ నాన్న మాట తక్కువ మనిషి, ఆయన కత్తి తీసి మీ మరిది చేతికిచ్చాడు. "తెచ్చినవాళ్ళే కొయ్యాలని అమ్మచ్చి చెప్పింది" అన్నాడు. మీ మరిది లారీ స్టీరింగ్ తప్ప ఇంకేదీ అంత గట్టిగా పట్టుకోవడం నేను చూడలేదు. తెలుగులో ప్రార్థన చేశాడు. పొడుగ్గానే చేశాడు. అప్పం నడిమికి పగిలింది, అయినా ముక్కలు సరిగ్గానే వచ్చాయి. పెద్దవాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి అందరికీ ఆయన ఇస్తుంటే, పానకం గ్లాసులు నేను అందించాను. ఆ ముక్క నా చేతిలో పడాలని రెండు నెలలుగా చూసినదాన్ని, పంచే పనిలో పడి నాకు రాలేదన్న సంగతే మరిచిపోయాను.

ఏలియమ్మ గారు నోట్లో వేసుకొని నమిలింది. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"ఉప్పు తక్కువ" అంది.

తర్వాత తన ముక్కలో మిగిలిన సగం తుంచి, నా రెండు చేతులూ దగ్గరికి లాగి అందులో పెట్టింది.

ఇంక ఆ పరీక్ష గురించి నేను రాయను. నువ్వు కూడా ఎప్పుడూ ఎత్తకు.

ఈ రోజు పొద్దున గుడి అయ్యాక వాళ్ళందర్నీ మన ఇంటికి పిలిచాను. ఎందుకంటే గురువారం పొంగిన పిండి ఫ్రిజ్‌లో అలాగే ఉంది. పండగ వచ్చింది కాబట్టి పులిసింది తినొచ్చు. పారెయ్యడానికి మనసు రాక అందరికీ ఇడ్లీలు వేశాను. జీలకర్ర, వెల్లుల్లి ఇడ్లీలు ఎవరూ ఎక్కడా తిని ఉండరు. బెట్టి గారు కూడా వచ్చింది. ఆమెకు గురువారం సంగతి కొంచెం గుచ్చుకున్నట్టుంది. ఇడ్లీ తుంచుతూ "మీరు ఎప్పట్నుంచి క్రిస్టియన్స్?" అని నన్ను అడిగింది.

నేను చెప్పేలోపే ఆన్సి అందుకుంది.

"వాళ్ళ ముత్తాత లెదర్ ట్రేడర్ అండి. సిక్స్‌టీన్ మైల్స్ నడిచి వెళ్ళి, తోలు ఇచ్చి బుక్ కొనుక్కున్నాడు. చదవడం కూడా రాదు!" అని చెయ్యి తిప్పి తిప్పి చెప్పింది. "మన దగ్గరికి తోమాయే వచ్చాడు కదా, మనం ఇంట్లో కూర్చున్నాం. వీళ్ళు వెళ్ళి తెచ్చుకున్నారు."

గొప్పలు చెప్పడం ఆమెకు దేవుడిచ్చిన వరం అక్కా. మన వైపు చెప్తుంటే ఎంత బాగుందో.

కంచె అవతల నుంచి ఐజాక్ అంకుల్ అరిచాడు, చీకటి పడితే తన పస్కా అయిపోతుందట, నాలుగు ఇడ్లీలు దాచమని. ఏలియమ్మ గారు కర్ర పట్టుకొని కంచె దగ్గరికి పోయి ఆయనతో మలయాళం మొదలుపెట్టింది. గంటన్నర అయింది. ఇద్దరూ ఎర్నాకుళం బజారులో ఏ దుకాణం పక్కన ఏ దుకాణం ఉండేదో తేల్చుకుంటున్నారు. ఒకరి మాట ఒకరు ఒప్పుకోవడం లేదు. నేను ఈ ఉత్తరం అక్కడికి కుర్చీలు వేసి వచ్చి రాస్తున్నాను.

వాళ్ళకు తాతగారు పోయి నవంబరుతో ఏడాది అవుతుంది. పెళ్ళి డిసెంబరులో. అల్లుడికి అప్పటిదాకా బాగుచెయ్యడానికి ఏమీ లేదని మీ మరిది నిన్న పాత ఫ్యాను ఒకటి ఎక్కడి నుంచో తెచ్చి పెట్టాడు.

నువ్వు పది రోజుల ముందే రావాలి. ఆ చెవి మిషను పెట్టుకొని రా, ఈల వేస్తే వెయ్యనీ. ముత్తాత కథ ఈసారి నీ నోటితో చెప్పాలి. ఏలియమ్మ గారికి ఒక అనుమానం ఉంది, నాకు జవాబు తెలియలేదు. ఆ తోలు ఆవుదా, గేదెదా? గేదెదయితే ముత్తాత కొంచెం ఎక్కువ ఇచ్చాడని ఆమె అంటోంది.

మీ సుగుణ